మోగకుండా

ఒకప్పుడు నీ ఫోను కోడిపుంజు మాదిరి కూసేది, తిప్పేసా.
కళ్యాణదుర్గం బస్టాండులో మిట్టమధ్యాన్నం అది కూస్తే
ఉగ్గాని తినేవాళ్ళంతా తలలెత్తి నవ్వేవాళ్ళు.

ఇప్పుడా కోడిని
విత్తనం బుడ్డల సంచిలో తోసి మూతి కట్టినావంట.
మంగళవారం ఫైనాన్సోళ్ళు, శుక్రవారం ఎరువులంగడి శెట్టి,
నడాన పేరు చెప్పని నంబర్లు.

మొన్న నేనూ చేసినా.
నీ చిన్నపాప ఎత్తింది.
"మా నాయన ఇంట్లో లేడు" అనింది,
బళ్ళో ఎక్కం ఒప్పజెప్పినట్టు.
దాని మాట వెనకాలే నీ దగ్గు వినపడింది.
ఇరవై ఏండ్లు నా షెడ్డులో
బీడీ పొగకు దగ్గిన దగ్గు, నాకు తెలీదా?
ఏడేండ్ల పిల్లతో అబద్ధం ఆడించింది,
ఆ పొద్దుకు, నేనే.

మళ్ళా నీకు ఫోను చేయలే.

సెల్లు షాపు ఖలందర్ చూపించినాడు:
"మైకు గుర్తు మీద వేలు పెట్టి మాట్లాడు మామా,
వేలు తీస్తే పోతాది. ఆ పక్క గంట కొట్టదు.
ఎప్పుడు వినాలనిపిస్తే అప్పుడు వింటాడు.
వినకపోయినా ఎవురూ అడగరు."

రాత్రి షెడ్డు మూసే ముందర
పేగులు తీసినట్టు తీగె విప్పిన మోటరు పక్కన కూచోని
వేలు పెట్టినా.
మొదటి దాంట్లో ఏముందో తెల్సునా?
నలభై సెకన్లు. రాగి తీగె రేటు.
శెట్టూరు పక్క నాలుగు చినుకులు పడినాయంట.
రెండో దాంట్లో, పడలేదంట.
మూడోది పొరపాటు.
వేలు పైకి జారి తాళం పడిపోయి
నాలుగు నిమిషాలు గ్రైండరు రొద పంపించినా.
ఓపికుంటే విను, మధ్యలో ఒకచోట తుమ్మినా.

ఇంకోనాడు
"ఆ నాలుగు వేల కోసం కాదప్పా" అని మొదలుపెట్టి
పంపినాక నేనే విన్నా.
గొంతు నాదే. మోగుతాండేది నాలుగు వేలు.
నువ్వు వినక ముందే చెరిపేసినా.
చెరిపేసినట్టు గుర్తు మాత్రం మిగిలింది,
గోడలో మేకు పీకిన బొక్క మాదిరి.

పదకొండు దినాలు
రెండేసి గీతలు, బూడిద రంగువి,
దున్ని విత్తకుండా వదిలిన సాళ్ళు.

నిన్న తెల్లారుజామున
నా ఫోనూ మోగలే.
నీళ్ళు తాగను లేచి చూస్తే నీ దగ్గర్నుంచి తొమ్మిది సెకన్లు.
ఇంటామె లేస్తాదని బయటికొచ్చి చెవికి ఆనించుకున్నా.
మాట లేదు.
దూరంగా ఎవురిదో ట్రాక్టరు,
చెంబు కింద పెట్టిన చప్పుడు,
ఆఖర్న
నీ దగ్గు.

ఈసారి దాని ముందర ఏ పిల్లా నిలబడలే.

ఇంకోసారి విన్నా. ఇంకోసారి.
షెడ్డు తెరిచి, మైకు మీద వేలు పెట్టి
నేనూ దగ్గినా.
ఏదో అనబోయినా,
పాపకు బలపాలు తెచ్చినాననో ఏమో,
అంతలోకే కరెంటు వచ్చింది,
మిషను ఆడింది.
అదీ పంపించినా.