టాపు

ఎనిమిదొందల మారుతికి టాపు కొయ్యడానికి
పాతిక నిమిషాలు పట్టింది.
నాలుగు స్తంభాలూ హాక్సా బ్లేడుకి
చెరుకుగడల్లా తెగిపోయాయి.
షామియానా సప్లయి పెచ్చెట్టి గవర్రాజు
పక్కనే నిలబడి తనే పెళ్లికొడుకన్నట్టు నవ్వాడు.
"ఊరేగింపుకి గుర్రాలు దొరకట్లేదండి బాబూ,
దొరికినా తంతన్నాయి.
ఇదైతే మేత అడగదు."

టాపు తీశాక తలుపులు పడలేదు.
ఎన్నిసార్లు విసిరినా బెత్తెడు దూరంలో ఆగిపోయేవి.
ముప్పయ్యేళ్లు డెంటింగు చేసిన నాకు
అప్పుడు తెలిసింది
కారుకి వెన్నెముక నెత్తిమీద ఉంటుందని.
అడుగున రెండు ఇనప యాంగిళ్లు పెట్టి వెల్డు కొట్టాను.
తలుపులు పడ్డాయి.
అనుమానం పడలేదు.

ఆ పైన బానెట్టు మీద ఫైబరు హంస మెడ,
దాని కళ్లలో నీలం బల్బులు,
వెనక సీటు ఎత్తు పెంచి ఎర్ర ముఖమలు.
రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి,
నూట పదకొండు పెళ్లిళ్లు.
ఒక పెళ్లికూతురు, గుడిమూల పిల్ల,
చెయ్యి పైకి చాపి
దారిమీదకి వంగిన కొబ్బరాకు కొస తాకి నవ్వింది.
ఆ నవ్వుని ఆర్సీలో ఏ గడిలో రాయించాలో
మాకెవరూ చెప్పలేదు.

చించినాడ వంతెన దిగుతుంటే ఆపాడు బ్రేకినస్పెక్టరు.
కుర్రాడు. కళ్లజోడు. చేతిలో టేపు.
కేకలెయ్యలేదు. గవర్రాజు జేబు తడుముకుంటే
గోదాట్లోకి చూశాడు.
ఆర్సీ తిరగేసి "బాడీ, సెలూను" అని చదివి
"సెలూను ఎక్కడండీ?" అన్నాడు.
"బస్టాండు వెనకాలండి," అన్నాడు గవర్రాజు,
"ఆదివారమైతే ఖాళీ ఉండదండి."

పెదవి చివర ఏదో కదిలి ఆగింది ఆయనకి.
అరచెయ్యి తెరిచి
టాపు ఉండాల్సిన ఎత్తులో గాలిమీద ఆనించాడు.
"బోల్తా పడితే ఇక్కడ రేకుండాలి.
రేకు లేకపోతే
తలకాయలుంటాయి."
చలానా రాసి, ఆర్సీ పట్టుకుని
"కంపెనీ ఎలా ఇచ్చిందో అలా తెండి" అని జీపెక్కాడు.

ఆ చెయ్యి మాత్రం నాతో ఇంటికొచ్చింది.
రాత్రి మంచం మీద, జానెడు ఎత్తులో, అలాగే ఉంది.
నూట పదకొండు జంటలు, రెండేసి తలలు.
అన్నీ కొలతలు వేశాను గానీ
ఆ లెక్క ఎన్నడూ వెయ్యలేదు.

ఇంతకీ టాపు బాతుల మీదుంది.
నాగరత్తం మూడేళ్ల కిందటే
కాలవగట్టున నాలుగు సరుగుడు కర్రలు పాతి కప్పేసింది.
కింద ఇరవై బాతులు, గడ్డి, పొదుగుతున్న గుడ్లు,
లైనింగులో ఎలక సంసారం.
"నా బాతుల ఇల్లు పీకడానికి ఏ సెక్షనుందో
ఆ ఇనస్పెక్టర్నే అడిగి రా" అంది.

పీకాను.
బ్లేడు తిన్న ఇనుము తిరిగి రాదు.
స్తంభాలు పొట్టివైపోయాయి, నడుం కుంగిపోయింది,
ఎదిగిన పిల్లాడికి పాత చొక్కా తొడిగినట్టు
ఓ మూల లాగితే ఇంకో మూల లేచింది.
లోపల పట్టీలేసి, వెల్డు మీద వెల్డేసి,
పుట్టీ, ప్రైమరు, తెలుపు.
హంస తల ఊడి షెడ్డులో దొర్లుతోంది,
నీలం కళ్లతో.

అమలాపురంలో ఆయన టేపు తియ్యలేదు.
అదే అరచెయ్యి పైన వేశాడు. ఈసారి ఆగింది.
అతుకు వెంబడి బొటనవేలు నడిపించి,
"మోస్తుందా?" అన్నాడు.
"ఆయ్" అన్నాను.
అది ఏ రకం ఆయ్యో
నాకూ తెలియదు.

తిరిగొస్తుంటే వాన.
వెనక మూల అతుకులోంచి ఒక్క చుక్క
గవర్రాజు మెడమీద పడింది.
తుడుచుకోలేదు. ఏమీ అనలేదు.

ఇంటి దగ్గర, నాలుగు కర్రల మధ్య
సరిగ్గా ఆ కొలతలోనే
బాతులు ఒద్దికగా నిలబడి తడుస్తున్నాయి.
వానంటే బాతులకేం లెక్క.
నాగరత్తం మాత్రం
తలుపు తియ్యలేదు.