ఇరవై ఎనిమిదో రోజు

హన్మకొండలో మా కాలేజీ కాంక్రీటు ల్యాబుకి
తలుపు సరిగా పడేది కాదు.
రెండు వంతెనలు గీసిన ప్రొఫెసర్ గారు
మడత పెట్టిన అట్టముక్కను దాని కింద దోపి పోయేవారు.

లోపల ఓదెలు.
అటెండరు. ఏడో తరగతి తప్పినవాడు.
ఇనుప అచ్చుకు నూనె రాయడంలో ఎన్నడూ తొందరపడలేదు.
చంటిబిడ్డకు రాసినట్టు
మూలమూలకూ వేలు పోనిచ్చేవాడు.

మేము కంకర తూచి, ఇసుక తూచి, సిమెంటు తూచి
నీళ్ళ దగ్గర తప్పేవాళ్ళం.
"పల్చగుంటే కలుపుడు అల్కగైతది బిడ్డా,
నిలబడుడే కష్టమైతది."
పుస్తకంలో అది కిందికి వంగే ఒక గీత.
ఆయన నోట, మా ఊళ్ళో ఎవరో మనిషి సంగతి.

తెల్లారి అచ్చు విప్పి
మేకుతో తేదీ గీకి తొట్టి నీళ్ళలో దించేవాడు.
ఇరవై ఎనిమిది రోజులు.
ఆలోపు మాకు పరీక్షలయ్యేవి, మెస్సులో పప్పు మీద సమ్మె అయ్యేది,
ఇద్దరు ప్రేమించుకుని మాటలు మానేసేవారు,
కాజీపేట మీదుగా ఎన్ని బండ్లు పోయేవో.
క్యూబులు మాత్రం చీకటి నీళ్ళలో
గట్టిపడే పనిలోనే ఉండేవి.

ఆ రోజున మిషన్ నడుమ క్యూబు పెట్టి
ముల్లు లేస్తుంటే
ఆయన ముల్లును చూసేవాడు కాదు.
చెవి ఇటు తిప్పేవాడు.
ముందు కందికాయ ఎండకు చిట్లినట్టు చిన్న చప్పుడు.
తర్వాత ఒక్క మూలుగు.
"రాస్కోండ్రి."
ఐదువందల తొంభై, రాసుకునేదాన్ని.

పగిలినవన్నీ వెనక గోడ పక్కన గుట్ట.
దాని మీద ఒక తొండ కాపురం.
ఇన్ని పగలగొట్టుడు ఎందుకు కాకా, అని అడిగితే
తలెత్తి స్లాబు చూపించిండు.
"దీని తోబుట్టువులు మూడు నా చేతులనే పోయినయ్.
అవి మోసి చెప్పినంకనే
దీని కింద నిన్ను కూసోనిచ్చిన్రు."

ఆ పూట నుంచి నాకు నిలబడ్డ ప్రతిదాని వెనకా
పడిపోయినవి కనిపిస్తాయి.
ఆసుపత్రి లిఫ్టు తాడు, టాకీసు బాల్కనీ,
రైలు చక్రం ఇరుసు, ఫోను అద్దం కూడా.
కొత్తది ఏది లోకంలోకి వచ్చినా
ఏదో గదిలో, తలుపు సరిగా పడని గదిలో
ముందే ఒకసారి చచ్చి వచ్చింది.

ఇప్పుడు భూపాలపల్లి అవతల ఒక వాగు,
దాని మీద వంతెన, కాగితం మీద నా సంతకానికి ఖాళీ.
కాంట్రాక్టరు మనిషి సదానందం
గోనెసంచిలో చుట్టి మూడు క్యూబులు తెచ్చాడు.
మూడూ ఏడువందలు దాటాయి.
"జూసిన్రా మేడం!" అన్నాడు,
సొంతబిడ్డకు ర్యాంకు వచ్చినట్టు.

ముక్క చేతిలోకి తీసుకున్నాను.
నల్ల కంకర. మిల్లులో కొట్టిన ఇసుక.
వాగు మీద పోసింది ఎర్రజీర కంకర, మానేరు ఇసుక.
నేను నిలబడి పోయించాను, నా చెప్పులకు ఇంకా ఉంది.
ఇవి వంతెన తోబుట్టువులు కావు.
ఎక్కడి నుంచో కిరాయికొచ్చిన చుట్టాలు.

మాట్లాడలేదు.
మరునాడు పిల్లరుకు డ్రిల్లు పెట్టించాను.
తెల్లటి బురద కారింది.
చేయంత కాంక్రీటు రోకలి ఒకటి బయటికొచ్చింది,
వేడిగా, తడిగా, అప్పుడే పుట్టినట్టు.
చివర్లు కోయించి రెండు రోజులు నానబెట్టి
మిషన్ నడుమ నిలబెట్టాను.

ఓదెలు రిటైరై ఎన్నేళ్ళో.
తొట్టి నీళ్ళకు ఒరిసిపోయిన ఆ వేళ్ళు
ఇప్పుడేం పట్టుకుంటున్నాయో తెలియదు.

సదానందం ముల్లునే చూస్తున్నాడు.
నేను చెవి ఇటు తిప్పాను.