రెండు వేళ్ళ వెనక

ఒంగోలు కర్నూలు రోడ్డులో
మందుల షాపు మీద మేడ.
మెట్లకు పరిచింది మా చీమకుర్తి రాయే,
నల్లటి దాంట్లో బంగారు చుక్కలు.
వాటిని తొక్కకుండా
గోడ పట్టుకుని అంచుల మీద ఎక్కా.

లోపల హేమవల్లి మేడం
రెండు వేళ్ళు చూపించింది.
తల తిప్పొద్దు ఏసోబూ, కళ్ళు మాత్రమే, అంది.
ఎడమకీ కుడికీ, ఎడమకీ కుడికీ.
దిష్టి తీస్తన్నారా అమ్మా అంటే
పొట్ట పట్టుకుని నవ్వింది.
నీ తల చెయ్యాల్సిన పనే,
మధ్యలో ఆగిపోయింది, అంతే.

నిజమే. మూడేళ్ళుగా నాకు ఒకటే సెకను.
క్వారీలో వజ్రాల వైరు తెగిన సెకను.
కుక్కరు కూసినా అదే,
ఎవరైనా గొలుసు లాగినా అదే,
బల్ల కింద దూరేవాణ్ణి, పిల్లల ముందే.
కాశింపీరా నిలబడ్డ చోటు నాది.
బీడీ కోసం నేనే మారా.
ఈ మాట మా ఆవిడకీ చెప్పలా,
పాస్టరుగారికీ చెప్పలా.
ఆ వేళ్ళకు చెప్పా.

ఏమొచ్చింది? అంది.
దుమ్ము.
సరే, దాంతోనే పోనీ.
మళ్ళీ వేళ్ళు.
ఏమొచ్చింది?
ఎడమ భుజం. ఇనప దిమ్మె పెట్టినట్టు.
మళ్ళీ.
ఈసారి మా అమ్మ, ఎందుకో,
కందుకూరు బ్యారన్ల దగ్గర
కర్రకు పొగాకు కడతా.
ఇటొక ఆకు, అటొక ఆకు,
జిగురుకు నల్లబడ్డ చేతులు.
వాటి వెంటే కళ్ళు పోయి పోయి
ఎప్పుడు నిద్రపోయేవాణ్ణో.
దీనికీ దానికీ ఏంది సంబంధం?
మేడం చెప్పలేదు. నేనూ అడగలేదు.

నాలుగో వారం
వేళ్ళ వెనక నించి వాడే వచ్చాడు.
కోసిన దిమ్మె మీద చెంబుడు నీళ్ళు కొట్టి
చూడు మావా, పగలే చుక్కలు, అని
పళ్ళన్నీ బయటపెట్టి.
అదే రోజు, పొద్దున.
ఆ రోజుకు ఒక పొద్దున ఉందనే
మర్చిపోయా నేను.
ఆ సెకనుకు ముందు
పందొమ్మిదేళ్ళు బతికాడు వాడు.

ఏడ్చా. టిష్యూలు చాలక
భుజం మీద తువ్వాలు తీశా.
తీశాక తెలిసింది, దిమ్మె లేదక్కడ.

కుక్కరు కూస్తే ఇప్పటికీ ఉలిక్కిపడతా.
బల్ల దాకా మాత్రం పోను.
సంతనూతలపాడులో వాళ్ళమ్మ ఉంది,
ఆమె ముందు నిలబడే ధైర్యం ఇంకా రాలా.
నిన్న దిగేటప్పుడు
చెప్పులు చేత్తో పట్టుకుని
మెట్ల నడిమధ్యన నడిచా.
రాయి చల్లగా ఉంది.
ఎడమ కాలు, కుడి కాలు,
చుక్కల మీదే.