అతుకు

అరటిగెలలు చెన్నైలో దించేసి
ఖాళీగా తిరిగొచ్చే లారీలో
రావులపాలెం చేరిందది, రెండు ముక్కలుగా.
ముందు సగానికి టార్పాలిన్,
వెనక సగానికి ఎండిన అరటాకులు.
కాగితాల్లో దాని పేరు తుక్కు.
బ్యాంకాక్‌లో ఎవడో నడుం దగ్గర రంపం పెట్టాడు.
మా దొరబాబు ఆ కోతని వేలితో తడిమి
"శుభ్రంగా కోశాడ్రా, పని తెలిసినోడే" అన్నాడు.

నా పని అతుకు.
ఇటు చట్రానికీ అటు చట్రానికీ దారం లాగి
కన్ను మూసి కన్ను తెరిచి చూడటం.
ఒక్క నూలు తేడా వచ్చిందా
జన్మంతా పీతలా పక్కకే నడుస్తుంది బండి.

ముందు కడగాలి.
పంపు పెడితే చక్రాల గూళ్ళలోంచి
ఎర్రమన్ను.
మాకు తెలిసింది రేగడి, ఒండ్రు, ఇసక.
ఎరుపు చూడాలంటే మారేడుమిల్లి ఎక్కాలి,
ఇది అక్కడిదీ కాదు.
షెడ్డు వెనక పిల్లకాలవలోకి జారి
కాసేపు తన దారిన తాను విడిగా పారింది,
లాకు దగ్గరికెళ్ళి చూస్తే లేదు.

సీటు సందులో ఒక నాణెం,
చింతపండు బిళ్ళ చుట్టిన కాయితం,
అరచేతిలో పట్టే ఎడమకాలి చెప్పు.
డాష్‌బోర్డు మీద
సగం గీకిన బాతు బొమ్మ.

ఉండి నుంచి రామభద్రరాజు గారు
ఆదివారం ఆదివారం వచ్చేవారు.
రొయ్యల మేత వ్యాపారం.
ఇంకో నాలుగంగుళాలు లేపమనేవారు,
పొగగొట్టంలా ఊపిరిగొట్టం పైకి పెట్టమనేవారు,
ముందు వించి, కింద ఇనప పళ్ళెం.
"బురదలో దిగితే ఆగకూడదోయ్."
"ఆయ్, మీ చెరువుగట్ల మీద బురద చాలట్లేదాండీ?"
దొరబాబు అడిగితే ఆయన పడీపడీ నవ్వి
"అది పని బురద, ఇది సరదా బురద."

ఆ మాట ముసుగులో పెట్టుకునే
మూడు రోజులు కాల్చాను.
నిప్పురవ్వలు మెడ మీద పడ్డప్పుడల్లా
ఒకసారి పని అనీ, ఒకసారి సరదా అనీ.

నంబరు లేదు కాబట్టి రోడ్డెక్కకూడదు.
పడుకోబెట్టినట్టు ట్రాలీ మీద కట్టి
ఏటిగట్టు దాటించి లంకలో దించాం.
ఎంత బాగా దూకిందో!
ఒక గట్టు, ఒక గుంట, రెల్లు విరుచుకుంటూ ఇంకో గుంట,
ఆ తర్వాత ఇసక కింద దాక్కున్న ఒండ్రులో
బొడ్డు దాకా.

వించి తాడు పట్టుకుని చుట్టూ చూశాం.
కట్టడానికి చెట్టేది?
రెల్లుకి కడితే రెల్లు వస్తుంది.

కొబ్బరిడొక్కల బండితో ఏసేబు అటే పోతున్నాడు.
దిగి, చుట్ట పక్కకి పెట్టి,
చక్రాలకేసి కాదు, మా మొహాలకేసి చూశాడు.
"ఏం బండండీ ఇది?"
పేరు చెప్పాం. పలకబోయి మానేశాడు.
నాలుగు బుట్టలు డొక్కలు కుమ్మరించి
"వెల్లకిలా కాదు, బోర్లా. బోర్లా వెయ్యండి,
వెల్లకిలా వేస్తే నీళ్ళు పట్టి జారతాయి."
ఒక్కోటి తిప్పి, మడమతో తొక్కి,
చూరు కింద పెంకులు పేర్చినట్టు పేర్చాడు.
రాజుగారూ పంచె ఎగ్గట్టి వంగారు.
మోకాళ్ళ దాకా దిగబడి ఆయనే అన్నారు,
"ఇది ఏ బురదోయ్?"
ఎవరం మాట్లాడలేదు.

మూడోసారి పైకొచ్చింది.
డొక్కలకి డబ్బివ్వబోతే ఏసేబు
తడిసినవి లెక్కపెట్టి, తడవనివి తీసేసి,
ముప్పై రూపాయలు చిల్లర వెనక్కిచ్చాడు.

అందరూ ఫోటోలు దిగుతుంటే
నేను కిందకి దూరాను.
గోరుతో గీసి చూశాను అతుకు పొడుగునా.
వెంట్రుకంత బీట లేదు.
ఎందుకో అక్కడే కాసేపు పడుకున్నాను,
వేడి ఇనుము టిక్కు టిక్కు మంటూ చల్లారుతుంటే.

అప్పగించే ముందు మళ్ళీ కడిగాను.
బాతు బొమ్మ తీసెయ్యమన్నారు,
కిరసనాయిలు గుడ్డతో మెల్లగా లేపితే
నా వెల్డింగు ముసుగు మీదికొచ్చి కూర్చుంది.
గూళ్ళ లోపల, చెయ్యి పట్టని మూల,
ఎర్రది ఇంకా కొంచెం ఉంది.
దాని మీద నల్లది.
నీళ్ళు కట్టేశాను.