తలుపులో జానెడు అద్దం

వ్యాసర్పాడిలో వానొస్తే
మంచం తడిసినా సరే
టార్పాలిన్ మొదట కేరమ్ బోర్డుకే.
అలాంటి వీధి మాది.
నాకు పదకొండేళ్ళు. చూపుడువేలికి గోరంత పొగరు.

మనవాడే, అంది అమ్మ.
రోజంతా అరవంలో బేరమాడి అలసిన చెవులకి
సాయంత్రం "ఏం వదినా, బాగున్నారా" అని వినబడితే
మా గుమ్మం దానంతటదే తెరుచుకునేది.
నాన్న స్కూటర్ బాగుచేశాడు. నా ఫీజు కట్టాడు.
తమ్ముడికి జ్వరమొస్తే స్టాన్లీ ఆసుపత్రి వరండాలో
తెల్లవార్లూ కూర్చున్నాడు.
నాకో స్ట్రైకర్ ఇచ్చాడు, పాలమీగడ రంగుది.
"మనిద్దరి సంగతి. ఎవరికీ చెప్పకు."
మొదటి రహస్యం అంత చిన్నది.
అరచేతిలో పట్టేది.

కంచే చేను మేసిందంటారు.
మేయడం తర్వాత.
ముందు రెండేళ్ళు ఆ కంచె
చేనుకి నీళ్ళు పెట్టింది.
ఆ సంగతి సామెతలో లేదు.

గదిలో జరిగింది ఇక్కడ రాయను.
అడిగారు చాలామంది,
జాలిగానే, కుర్చీలో కొంచెం ముందుకి వంగి.
రాసేది ఇంతే:
చెక్క తలుపు. ఆకుపచ్చ రంగు. గడియ లోపలివైపు.
నడి ఎండాకాలంలోనూ మూసే ఉండేది,
గాలికి బోర్డు మీది పౌడర్ ఎగిరిపోతుందని.
ఎంత సబబైన కారణమో చూడండి.
ఇప్పటికీ ఎవరైనా పసిపిల్లకి పౌడర్ అద్దుతుంటే
నేను లేచి బాల్కనీలోకి వెళ్తాను.

రెడ్డు పడితే చాలదు,
వెంటనే ఇంకోటి వేసి కవర్ చెయ్యాలి,
అని నేర్పింది ఆయనే.
ఆయనకి ఎవరెవరు కవర్ వేశారో తర్వాత లెక్కపెట్టాను.
క్లబ్బు సెక్రటరీ.
గోడ మీద వరసగా నేను గెలిచిన కప్పులు.
"పిల్లకి కసి ఎక్కువ, ఇంటికి రానంటుంది" అని మురిసిన నాన్న.
నేను.
అవును, నేను కూడా, అని ఇరవై ఆరేళ్ళు అనుకున్నాను.
పదమూడేళ్ళ పిల్ల ఎవరికీ కవర్ కాదని
ఓ మంగళవారం పెరంబూర్ బస్సులో
ఏ కారణమూ లేకుండా తెలిసింది.
దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

ఆ తర్వాత అర్జీలు.
"ఇన్నేళ్ళూ ఏం చేశావమ్మా?" అన్నాడో అధికారి.
పెరిగానండీ, అన్నాను.

ఇప్పుడు పద్నాలుగు మందిమి.
ఈతకొలను దగ్గర్నుంచి పూంగోదై,
ఫుట్‌బాల్ మైదానం నుంచి జెరాల్డ్,
ట్యూషన్ మేడ మెట్లు దిగొచ్చిన రుక్సానా.
అరవై దాటిన ఒకాయన పేరు చెప్పడు,
మీటింగుకి అందరికంటే ముందొచ్చి కుర్చీలు వేస్తాడు,
అయ్యాక మడిచిపెట్టి వెళ్ళిపోతాడు.
రిప్పన్ బిల్డింగ్ మెట్ల మీద
మజ్జిగ ప్యాకెట్లు పంచుకుంటూ పిలుపు కోసం చూస్తాం.

మేం అడిగింది కొండమీది కోతిని కాదు.
పిల్లలకి ఏదైనా నేర్పే ప్రతి గది తలుపుకీ
కంటి ఎత్తున జానెడు అద్దం.
గడియ లోపల ఉండకూడదు.
ఫిర్యాదు రాసుకునే మనిషికి
జీతం క్లబ్బు ఇవ్వకూడదు.
ఫైలు మూడుసార్లు పోయింది.
నాలుగోసారి నకళ్ళు తీసి చీరల బీరువాలో దాచాను.
అమ్మ చూసింది. ఏమీ అనలేదు.
మర్నాడు ఆ కాగితాల మధ్య
నాలుగు కలరా ఉండలు.

మొన్న శనివారం మొదటి తలుపుకి కోత పడింది.
"చెక్క గట్టిదమ్మా, టైమ్ పడుతుంది"
అన్నాడు వడ్రంగి ఏళుమలై.
తెలుసన్నాను.

అద్దం బిగించాక బయట నిలబడి చూశాను.
లోపల ఓ పిల్ల, పన్నెండేళ్ళుంటాయేమో,
నాలుక కొస బయటపెట్టి
మూలనున్న నల్లకాయకి గురి చూస్తోంది.
ఎంతసేపు అలా నిలబడ్డానో,
తలెత్తి విసుక్కుంది:
"అక్కా, నీ నీడ బోర్డు మీద పడుతోంది. కాస్త జరుగు."

జరిగాను.