అంశం నెంబరు పద్నాలుగు

కాకినాడ కార్పొరేషన్‌లో
మినిట్స్ రాసేవాణ్ణి నేను.
అన్నది రాస్తాను, అనబోయింది రాయను,
దగ్గితే రాయను.

మొన్న మంగళవారం, అంశం నెంబరు పద్నాలుగు:
నగరమందు షేర్ వ్యాన్లు నడుపుటకు అనుమతి గురించి.

కంపెనీ కుర్రాడు తెర మీద బొమ్మేశాడు.
తెల్లటి వ్యాను, పదకొండు సీట్లు, ఏసీ.
ఫోన్ నొక్కితే వీధి చివరికొస్తుందట,
దారి అదే వెతుక్కుంటుందట,
సర్పవరం జంక్షన్ నుంచి జగన్నాథపురం వంతెన దాకా
ఎక్కడెక్కడ ఆగాలో దానికే తెలుసట.
"మనిషికో సీటు" అన్నాడు, రెండుసార్లు.
ఆ బొమ్మలో రోడ్డు పొడిగా ఉంది.
కిటికీ అవతల మా ఊరి వాన
మెయిన్ రోడ్డుని ఉప్పుటేట్లో కలిపే పనిలో ఉంది.

ఆటోల తరఫున దడాల ఏసుపాదం లేచాడు.
ఖాకీ చొక్కాకి ఇస్త్రీ మడత ఇంకా విడలేదు.
రాసుకొచ్చిన కాగితం తడిసి
అక్షరాలు ఈదుతున్నాయి.
కాసేపు చూసి, మడిచేసి,
"బండి మీద ఇంకా ఇరవైరెండు వాయిదాలున్నాయండి"
అని కూర్చున్నాడు.
రాశాను: ఆటో కార్మికుల ప్రతినిధి అభ్యంతరము తెలిపిరి.

తర్వాత ఏటిమొగ నుంచి సంగాడి నూకరత్నం.
ఎవరు పిలిచారో తెలీదు, తట్టతో సహా వచ్చింది.
బయట పెట్టమన్నాడు బంట్రోతు.
పిల్లులున్నాయంది.
"మనిషికో సీటన్నారు, బానే ఉంది బాబూ,
మరి తట్టకో?"
నవ్వారు. నవ్వులు రాయను.
"ఏసుపాదం బండిలో ఇది నా ఒళ్ళో ఉంటాది,
నా కాళ్ళు ఎవరి కాళ్ళ కిందో ఉంటాయి,
కొంచెం సర్దుకోండమ్మా అంటారెవరో,
సర్దుకుంటాం.
ఆ తెల్లబండికి ఆ మాట నేర్పారా?"

హాలంతా ఆవిడ వైపు ఒరిగింది, నేనూ ఒరిగాను.
వెనక చెక్క మీద తొమ్మిదోవాడిగా
పదేళ్ళు వేలాడిన మోకాళ్ళు నావి.

అప్పుడు ఆఖరి బెంచీలోంచి
పెద్దాసుపత్రి నర్సు హెప్సిబా
లేవకుండానే అంది:
"రాత్రి పదిన్నరకి డ్యూటీ దిగుతానండి.
ఆ మాట నాకూ తెలుసు.
సర్దుకోండి అంటే జరిగేది నేనే.
నేను జరిగినంత మేరా
ఎవడిదో మోచెయ్యి జరిగొస్తుంది.
నాకు సీటు కావాలి.
చుట్టూ గీత గీసిన సీటు."

ఫ్యాను తిరిగింది.
నూకరత్నం తట్ట మీది గోనె లాక్కుంటూ
"అదీ నిజమేలే తల్లీ" అంది.
మైకులో అనలేదు కనక రాయలేదు.

మేయరుగారు గడియారం చూశారు.
సభ్యులు కూలంకషముగా చర్చించిరి.
అంశము తదుపరి సమావేశమునకు వాయిదా వేయడమైనది.
కూలంకషమంటే, గట్లు రెండూ ఒరుసుకుంటూ పారడమని
హైస్కూల్లో తెలుగు మేష్టారు చెప్పారు.
మేం పాదాలైనా తడుపుకోలేదు.

బయట మాత్రం మోకాలి లోతు.
కదిలే బండి ఒక్కటే, ఏసుపాదానిది.
నూకరత్నం ఎక్కింది, తట్ట ఎక్కింది,
తట్ట పక్కన మినిట్స్ పుస్తకంతో నేను ఇరుక్కున్నాను.
హెప్సిబా వచ్చి లోపలికి చూసింది,
మనుషుల్ని లెక్కపెట్టింది,
చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళలో నడిచింది.
దిగి నా చోటు ఇవ్వొచ్చు.
దిగుదామనుకునేలోగా బండి కదిలింది అని రాస్తే
అది అబద్ధం.
ఏసుపాదం రెండు నిమిషాలు ఆగాడు.

నెల తర్వాత పుస్తకం తెరిస్తే
పద్నాలుగో అంశం దగ్గర పేజీలు అతుక్కుని
గుప్పుమని కవళ్ళ వాసన.
ఎవరూ ఏమీ అనలేదు.
మేయరుగారు, కమిషనరుగారు, కంపెనీ కుర్రాడు
కుర్చీలు కొంచెం కొంచెం వెనక్కి లాక్కుని
సర్దుకున్నారు.
ఆఖరి బెంచీలో హెప్సిబా
ఉన్నచోటనే ఉంది.