దిగుడు పాట

రిబేయిరా రేవులో వేలం పాట
పైనుంచి కిందికి దిగుతుంది.
నలభై, ముప్పై తొమ్మిది, ముప్పై ఎనిమిది...
ఊపిరి తిప్పుకోకుండా అంకెలు జారవిడవడం నా పని.
ఎవరో "నాది!" అని అరుస్తారు,
అక్కడితో ఆపేస్తాను.
తొందరపడ్డవాడికి డబ్బు పోతుంది,
తాత్సారం చేసినవాడికి చేప పోతుంది.
ఇరవై ఆరేళ్లుగా ఇదే గొంతు.

ఆ గొంతులోనే కణితి.

సాంతియాగో ఆసుపత్రిలో డాక్టర్ నొవోవా
కంప్యూటర్ తెరను సగం నావైపు తిప్పి చదివాడు:
స్వరపేటిక తీసేస్తే
ఐదేళ్లు దాటేవాళ్లు నూటికి డెబ్బై.
కిరణాలూ మందూ అయితే అరవై రెండు,
మాట మిగలొచ్చు.

డెబ్బై. అరవై రెండు.
దిగుడు పాటే ఇదీ.
కాకపోతే ఐసు మీద పరిచింది నన్ను.

"నిర్ణయం మీదేనండీ" అన్నాడు,
తలుపు తీసి పట్టుకున్నంత మర్యాదగా.
"మీ అమ్మకైతే ఏం చేయిస్తారు?"
"అలా చెప్పకూడదు."
పెన్నుకు మూత పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు.

"ప్రాణం కంటే గొంతెక్కువా?" అంది బస్సులో అక్క ఎర్మిటాస్.
నిజమే.
నిజం కాబట్టే ఒళ్లు మండింది.

మా ఆయన ఎలాదియో ఏమీ అనలేదు.
చేపల వాసన గిట్టదని
ఎన్నడూ రేవు గడప తొక్కని మనిషి
మర్నాడు తెల్లవారుజామున
ఆక్టోపస్ బుట్టల వెనక నిలబడి
జేబులోంచి ఫోను కొంచెం పైకి తీసి
నా పాట రికార్డు చేసుకుంటున్నాడు.
చూడనట్టే పాడాను.
ఒక అంకె తప్పాను.

రెండోసారి వెళ్లినప్పుడు
డాక్టరు ఫైలు మూసి అడిగాడు:
"మార్కెట్లో ఉద్యోగం అని రాసుంది, ఏం చేస్తారు?"
చెప్తే తెలిసేది కాదు. పాడాను.
డెబ్బై దగ్గర ఎత్తుకున్నాను.
అరవై రెండు దాటేటప్పుడు
అతని కనురెప్ప ఒకసారి కదిలింది.
యాభై నాలుగు దగ్గర దగ్గు తెర కమ్మింది.
నీళ్లిచ్చాడు.
కుర్చీ బల్ల ఇవతలికి లాక్కున్నాడు,
చక్రం ఒకటి కీచుమంది.

"మీకు ఏది మంచిదో నాకు తెలియదు" అన్నాడు.
"కానీ ఆ డెబ్బైలో ఎందరు మాట కోసం ఏడ్చారో,
ఈ అరవై రెండులో ఎందరు మళ్లీ కత్తి కిందికి వచ్చారో చెప్పగలను.
వింటారా?"
ఆ తెలియదు అన్న మాటతోనే
అతన్ని నమ్మడం మొదలుపెట్టాను.
గంటసేపు విన్నాను. బయట రోగులు గొణుగుతున్నారు.

"సోమవారం దాకా టైమివ్వండి."
"అంతకంటే వద్దు" అన్నాడు.

బస్టాపులో వాన.
అద్దంలో నా మొహం తడిసినట్టుంది, తడవలేదు.
ఇరవై ఆరేళ్లలో ఒక్కసారీ నేను అనని మాట,
అది కొనేవాళ్ల మాట కదా,
గొంతు కలపకుండా
పెదాలతో అని చూశాను:
నాది.

పక్కనున్న పెద్దాయన
టైమడిగాననుకుని
వాచీ చూపించాడు.